జేమ్స్ స్టూవర్ట్ సైనిక సేవ

జేమ్స్ మెయిట్‌లాండ్ స్టూవర్ట్ (1908 మే 20 - 1997 జూలై 2) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రఖ్యాత సినిమా నటుడు. అభిమానులకు ఇతడు "జిమ్మీ స్టూవర్ట్"గా సుపరిచితుడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఇతడు అమెరికా సైన్యపు వైమానిక విభాగంలో అన్నిటికంటే క్రింది హోదా అయిన ప్రైవేటుగా చేరి, నాలుగేళ్ళలో కల్నల్ హోదాకు ఎదిగాడు. బాంబర్ విమానాల స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించి, జర్మనీపైన, జర్మనీ ఆక్రమణలో ఉన్న ఐరోపా భూభాగాలపైన జరిగిన 20 దాడులలో పాల్గొన్నట్లు అధికారికంగా నమోదయింది. యుద్ధానంతరం రిజర్వు దళంలో కొనసాగి 1959లో బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. 1968లో పదవీ విరమణ చేశాడు.

ఆ యుద్ధంలో హాలీవుడ్ నటులు ఎందరో సైనిక దుస్తులు ధరించారు. వారిలో చాలామందిని ప్రభుత్వం ప్రచార చిత్రాలకు, యుద్ధ బాండ్ల అమ్మకానికి, సైనికుల వినోద కార్యక్రమాలకు వినియోగించుకొన్నది. ఇది ప్రభుత్వం దృష్టిలో సహేతుకమే. ఒక ప్రసిద్ధ నటుడు యుద్ధంలో మరణించినా, శత్రువుకు బందీగా చిక్కినా అది ప్రజల మనోస్థైర్యానికి పెద్ద దెబ్బ అవుతుంది. స్టూవర్ట్ సైనిక జీవితంలో మొదటి రెండున్నర సంవత్సరాలు ప్రధానంగా ఈ ఆలోచనతో జరిపిన పెనుగులాటగా చెప్పవచ్చు.

కుటుంబ నేపథ్యం

స్టూవర్ట్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఇండియానా అనే చిన్న పట్టణంలో జన్మించాడు (ఈ పట్టణానికీ, ఇండియానా రాష్ట్రానికీ సంబంధం లేదు). తండ్రి అలెగ్జాండర్ స్టూవర్ట్‌కు అక్కడ ఇనుప సామాన్ల దుకాణం ఉండేది. ఆ కుటుంబంలో సైనిక సేవ తరతరాలుగా వస్తున్న ఆచారం. తాతలిద్దరూ అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తర రాష్ట్రాల పక్షాన పోరాడారు. మాతామహుడు శామ్యూల్ జాక్సన్ ఆ యుద్ధంలో జనరల్ హోదా పొందాడు. తండ్రి 1898 నాటి స్పెయిన్-అమెరికా యుద్ధంలోను, మొదటి ప్రపంచ యుద్ధంలోను పాల్గొన్నాడు.

స్టూవర్ట్ 1932లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం నుండి వాస్తు శిల్పంలో పట్టభద్రుడయ్యాడు. కానీ ఆ వృత్తిని చేపట్టలేదు. నాటకాలలో నటిస్తూ, 1935లో ఎం.జి.ఎం. సంస్థతో ఒప్పందం కుదుర్చుకొని హాలీవుడ్ చేరాడు. బాల్యం నుండి ఇతడికి విమానాలంటే మక్కువ. హాలీవుడ్‌లో సంపాదన మొదలైన వెంటనే విమానం నడపడం నేర్చుకొని 1935లో ప్రైవేటు పైలట్ లైసెన్సు, 1938లో వాణిజ్య పైలట్ లైసెన్సు పొందాడు. స్వంతంగా ఒక చిన్న విమానం కొనుక్కొన్నాడు. తల్లిదండ్రులను చూడడానికి రైలు పట్టాల వెంబడి దారి చూసుకొంటూ విమానంలో వెళ్ళేవాడు. సైన్యంలో చేరేనాటికి ఇతడికి సుమారు 400 గంటల విమానయాన అనుభవం ఉంది. పైలట్ల శిక్షణ కొరకు అరిజోనా రాష్ట్రంలో నిర్మించిన థండర్‌బర్డ్ ఫీల్డ్‌లో పెట్టుబడి పెట్టినవారిలో ఇతడు కూడా ఒకడు.

సైన్యంలో చేరిక

1940 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం నిర్బంధ సైనిక సేవా చట్టాన్ని చేసింది. ఆ దేశ చరిత్రలో శాంతికాలంలో ఇటువంటి చట్టం రావడం అదే మొదటిసారి. దాని ప్రకారం స్టూవర్ట్‌కు పిలుపు వచ్చింది. అయితే వైద్య పరీక్షలో ఇతడిని తిరస్కరించారు. 6 అడుగుల 3 అంగుళాల ఎత్తున్న ఇతడి బరువు 138 పౌండ్లు (సుమారు 63 కిలోలు) మాత్రమే కావడం ఇందుకు కారణం. నిర్ణీత ప్రమాణం కంటే ఇది కొద్ది పౌండ్లు తక్కువ.

ఇంతటితో ఊరుకొని ఉంటే ఇతడిని తప్పుపట్టేవారు ఉండేవారు కాదు. అప్పటికి ఇతడి సినిమా జీవితం ఉచ్చస్థితిలో ఉంది. "మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్" (1939) ఘనవిజయం సాధించింది. "ది ఫిలడెల్ఫియా స్టోరీ" (1940) చిత్రంలో నటనకు 1941 ఫిబ్రవరి 27న జరిగిన సభలో ఉత్తమ నటుడిగా ఆస్కార్ పురస్కారం లభించింది. ఆ ప్రతిమను ఇంటికి పంపగా తండ్రి దానిని తన ఇనుప సామాన్ల దుకాణం కిటికీలో పెట్టాడు. చాలా ఏళ్ళు అది అక్కడే ఉంది.

స్టూవర్ట్ బలమైన ఆహారం తీసుకొంటూ బరువు పెంచే ప్రయత్నం చేసి, తిరిగి పరీక్షకు హాజరై ఈసారి ఉత్తీర్ణుడయ్యాడు. 1941 మార్చి 22న, అంటే ఆస్కార్ అందుకొన్న నెల లోపునే, ప్రైవేటుగా సైన్యంలో చేరాడు. అమెరికా యుద్ధంలోకి దిగడానికి కారణమైన పెర్ల్ హార్బర్ దాడి జరగడానికి ఇంకా ఎనిమిది నెలలకు పైగా వ్యవధి ఉంది. ఆ యుద్ధంలో సైనిక దుస్తులు ధరించిన మొదటి ప్రముఖ హాలీవుడ్ తార ఇతడే. నెలకు వేల డాలర్లు గడిస్తున్న ఇతడి జీతం ఒక్కసారిగా నెలకు 21 డాలర్లయింది. అందులోనుండి తన ఏజెంటుకు రావలసిన పదవ వంతు, అంటే 2 డాలర్ల 10 సెంట్లు, క్రమం తప్పకుండా పంపేవాడని ఒక ముచ్చట ప్రచారంలో ఉంది.

శిక్షణ, బోధన

కాలిఫోర్నియాలోని మొఫెట్ ఫీల్డ్‌లో ఇతడి సైనిక జీవితం మొదలయింది. అప్పటి నిబంధనల ప్రకారం వైమానిక క్యాడెట్‌గా చేరడానికి గరిష్ఠ వయోపరిమితి 26 సంవత్సరాలు. స్టూవర్ట్‌కు అప్పటికే 33 ఏళ్ళు నిండబోతున్నాయి. అందువలన క్యాడెట్ మార్గం మూసుకుపోయింది. తన కళాశాల పట్టా, వాణిజ్య పైలట్ లైసెన్సు ఆధారంగా కమిషన్ కోరుతూ దరఖాస్తు చేసుకొన్నాడు. ఈలోగా కార్పొరల్‌గా పదోన్నతి పొందాడు. 1942 జనవరిలో సెకండ్ లెఫ్టినెంట్‌గా కమిషన్ లభించింది.

ఈ కాలంలో ప్రచార కార్యక్రమాల నుండి ఇతడు పూర్తిగా తప్పించుకోలేకపోయాడు. 1941 డిసెంబరులో, అమెరికా పౌరహక్కుల శాసనానికి 150 ఏళ్ళు నిండిన సందర్భంగా ప్రసారమైన రేడియో కార్యక్రమంలో పాల్గొన్నాడు. 1942 ఫిబ్రవరిలో ఆస్కార్ సభకు సైనిక దుస్తులలో హాజరై, ఉత్తమ నటుడి పురస్కారాన్ని గ్యారీ కూపర్‌కు అందజేశాడు. అదే సంవత్సరం "విన్నింగ్ యువర్ వింగ్స్" అనే లఘుచిత్రంలో కనిపించి, యువకులను వైమానిక దళంలో చేరవలసిందిగా కోరాడు. జాన్ హ్యూస్టన్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం దేశవ్యాప్తంగా సినిమా హాళ్ళలో ప్రదర్శింపబడింది. దీని ప్రభావంతో లక్షన్నర మంది వరకు సైన్యంలో చేరారని చెబుతారు. ఆ సంఖ్య ఎంతవరకు నిజమైనా, ఇటువంటి ఫలితాలు చూసిన అధికారులకు ఇతడిని యుద్ధానికి పంపడం కంటే కెమెరా ముందు నిలబెట్టడమే లాభదాయకంగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

తరువాత న్యూ మెక్సికోలోని కర్ట్‌లాండ్ ఫీల్డ్‌లో, బాంబులు వదలడం నేర్చుకొంటున్న శిక్షణార్థులను విమానంలో తీసుకువెళ్ళే పైలట్‌గా పనిచేశాడు. నాలుగు ఇంజన్ల విమానాలు నడపడంలో శిక్షణ పొందిన పిమ్మట, ఐడహో రాష్ట్రంలోని బాయిసీ నగరం వద్ద గల గోవెన్ ఫీల్డ్‌లో బి-17 బాంబర్ విమానాల శిక్షకుడిగా నియమితుడయ్యాడు. ఇతడి వద్ద శిక్షణ పొందినవారు ఒక్కొక్కరే యుద్ధరంగానికి వెళ్ళిపోతుండగా ఇతడు మాత్రం అక్కడే ఉండిపోయాడు. తనను విమానయానం నుండి తప్పించి, శిక్షణ చిత్రాల నిర్మాణానికో, బాండ్ల అమ్మకానికో పంపబోతున్నారనే వదంతులు కూడా వినవచ్చాయి.

స్టూవర్ట్ తన పైఅధికారి వాల్టర్ ఆర్నాల్డ్‌ను కలిసి తన బాధ చెప్పుకొన్నాడు. స్టూవర్ట్ కంటే వయసులో చిన్నవాడైన ఆ అధికారి పరిస్థితిని అర్థం చేసుకొని, అప్పుడే ఏర్పడుతున్న 445వ బాంబర్ గ్రూపుకు ఇతడి పేరును సిఫారసు చేశాడు. ఇతడు చేసిన ఎన్నో ప్రయత్నాలలో చివరకు ఫలించినది ఈ ఒక్క సిఫారసే.

445వ బాంబర్ గ్రూపు

1943 ఆగస్టులో కెప్టెన్ హోదాలో స్టూవర్ట్ అయోవా రాష్ట్రంలోని సూ సిటీలో 445వ గ్రూపులో చేరాడు. ఆ గ్రూపులోని 703వ స్క్వాడ్రన్‌కు మొదట ఆపరేషన్స్ అధికారిగా, మూడు వారాలు గడిచాక కమాండరుగా నియమింపబడ్డాడు.

ఈ గ్రూపు వాడిన విమానం బి-24 లిబరేటర్. నాలుగు ఇంజన్లు గల ఈ బాంబర్‌లో సాధారణంగా 10 మంది సిబ్బంది ఉంటారు. యుద్ధకాలంలో 18,000కు పైగా తయారైన ఈ విమానం అమెరికా సైనిక విమానాలలో అత్యధిక సంఖ్యలో ఉత్పత్తి అయినదిగా పేరు పొందింది. (యుద్ధానంతరం కాన్పూరులో వదిలివేయబడిన లిబరేటర్లను బెంగుళూరులోని హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ బాగుచేయగా, భారత వైమానిక దళం వాటిని 1968 వరకు ఉపయోగించింది.) నడపడానికి ఇది బరువైన, మొండి విమానం. దీని లోపల గాలి పీడనాన్ని నియంత్రించే ఏర్పాటు లేదు. 20,000 అడుగులకు పైన సిబ్బంది ఆక్సిజన్ గొట్టాలతో ఊపిరి తీసుకొంటూ, సున్నాకు దిగువన 40 డిగ్రీల వరకు పడిపోయే చలిలో ఆరేడు గంటలు గడపవలసి వచ్చేది. చేతి తొడుగులు తీసి తుపాకి లోహాన్ని తాకితే చర్మం దానికి అంటుకుపోయేది.

బయలుదేరే ముందు సూ సిటీకి వచ్చిన తండ్రి ఇతడికి ఒక కవరు ఇచ్చాడు. అందులో ఒక ఉత్తరం, బైబిలులోని 91వ కీర్తన ప్రతి ఉన్నాయి. స్టూవర్ట్ వాటిని యుద్ధకాలమంతా తన వద్ద ఉంచుకొన్నాడు. 1943 నవంబరులో గ్రూపు విమానాలు ఫ్లోరిడా నుండి బ్రెజిల్ చేరి, దక్షిణ అట్లాంటిక్ సముద్రం దాటి, పశ్చిమ ఆఫ్రికా, మొరాకోల మీదుగా ఇంగ్లాండు వెళ్ళాయి. తూర్పు ఇంగ్లాండులోని నార్ఫోక్ ప్రాంతంలో గల టిబెన్‌హామ్ విమాన స్థావరం వీరి కేంద్రం అయింది.

యుద్ధరంగంలో

1943 డిసెంబరు 13న జర్మనీ నౌకాకేంద్రమైన కీల్ మీద జరిగిన దాడి ఈ గ్రూపుకు మొదటిది. అందులో స్టూవర్ట్ పై అంచెలో ఎగిరే స్క్వాడ్రన్‌ను నడిపించాడు. మూడు రోజుల తరువాత బ్రెమెన్ మీద జరిగిన రెండవ దాడిలో మొత్తం గ్రూపుకు నాయకత్వం వహించాడు.

స్క్వాడ్రన్ కమాండరు పని విమానం నడపడంతో ముగియదు. ఏ సిబ్బంది ఏ దాడికి వెళ్ళాలో నిర్ణయించవలసినది అతడే. తెల్లవారు జామున వారికి లక్ష్యం గురించి వివరించవలసినదీ, తిరిగి రానివారి కుటుంబాలకు ఉత్తరాలు వ్రాయవలసినదీ కూడా అతడే. కమాండరు ప్రతి దాడికీ వెళ్ళడు. వెళ్ళినప్పుడు సాధారణంగా అగ్రభాగాన ఉండే విమానంలో కో-పైలట్ స్థానంలో కూర్చొని మొత్తం వ్యూహాన్ని నడిపిస్తాడు. సాధారణ సిబ్బంది నిర్ణీత సంఖ్యలో (మొదట 25, తరువాత 30, 35) దాడులు పూర్తిచేసి స్వదేశానికి వెళ్ళగలిగేవారు. కమాండర్లకు అటువంటి గడువు లేదు. స్టూవర్ట్ ఖాతాలోని 20 దాడులను ఈ దృష్టితో చూడాలి. వాటిలో ఎక్కువ భాగం ఇతడు నాయక స్థానంలో ఉండి చేసినవి. శత్రు యుద్ధవిమానాలు ముందుగా గురిపెట్టేది కూడా ఆ నాయక విమానాల మీదనే.

1944 జనవరి 7న లుడ్విగ్స్‌హాఫెన్ మీద దాడి చేసి తిరిగి వస్తుండగా, ముందు వెళుతున్న 389వ గ్రూపు దారి తప్పింది. స్టూవర్ట్ రేడియో ద్వారా హెచ్చరించినా వారు దారి మార్చుకోలేదు. తన గ్రూపును సరైన మార్గంలో తీసుకుపోయే వీలు ఉన్నప్పటికీ, ఒంటరి గ్రూపు శత్రువులకు సులభంగా చిక్కుతుందని ఎంచి స్టూవర్ట్ వారినే అనుసరించాడు. ఫ్రాన్సు గగనతలంలో జర్మన్ యుద్ధవిమానాలు దాడి చేశాయి. రెండు గ్రూపులు కలిసి ఉండడం వలన పెద్ద నష్టం తప్పింది. ఆ గ్రూపు కమాండరు తరువాత స్టూవర్ట్ నిర్ణయాన్ని ప్రశంసిస్తూ లేఖ వ్రాశాడు. ఈ ఘటన గురించి ఒక మాట చెప్పుకోవాలి. తప్పు దారిలో ఉన్న సహచరులను అనుసరించడమంటే తన వెనుక ఉన్న విమానాలన్నిటినీ ప్రమాదంలోకి తీసుకువెళ్ళడమే. ఫలితం తారుమారై ఉంటే ఇదే నిర్ణయానికి ఇతడు జవాబు చెప్పుకోవలసి వచ్చేది. ఆ నెలలోనే ఇతడికి మేజరుగా పదోన్నతి లభించింది.

1944 ఫిబ్రవరి 20 నుండి 25 వరకు జర్మనీ విమాన కర్మాగారాల మీద అమెరికా, బ్రిటన్ దళాలు వరుస దాడులు చేశాయి. చరిత్రలో దీనిని "బిగ్ వీక్" అంటారు. మొదటి రోజున బ్రన్స్‌విక్ (బ్రౌన్‌ష్వైగ్) మీద దాడిలో రెండవ కంబాట్ వింగ్‌కు ఉపనాయకుడిగా చూపిన ప్రతిభకు స్టూవర్ట్ డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం పొందాడు. 24వ తేదీన గోథా మీద దాడికి ఇతడు వెళ్ళలేదు. ఆ రోజు 445వ గ్రూపు నుండి వెళ్ళిన 25 విమానాలలో 13 తిరిగి రాలేదు. ఒక్క మధ్యాహ్నంలో గ్రూపుకు చెందిన 120 మందికి పైగా గల్లంతయ్యారు. మరునాడే న్యూరెంబర్గ్ సమీపాన ఉన్న ఫ్యూర్త్ మీద దాడికి స్టూవర్ట్ బయలుదేరాడు. విమాన విధ్వంసక ఫిరంగి గుండు ఒకటి ఇతడి విమానానికి తగిలి, పైలట్ల అర అడుగుభాగాన, ఇతడి కాళ్ళకు సమీపంలో పెద్ద రంధ్రం పడింది. ఆ స్థితిలోనే విమానం టిబెన్‌హామ్ చేరుకొన్నది. నేలకు దిగిన తరువాత విమానం నడుము భాగం చీలిపోయింది.

1944 మార్చి 22న బెర్లిన్ మీద జరిగిన దాడిలో రెండవ వింగ్ విమానాలకు నాయకత్వం వహించాడు. ఇది ఇతడికి 12వ దాడి.

453వ గ్రూపు, వింగ్ కార్యాలయం

మార్చి నెలాఖరులో స్టూవర్ట్‌ను సమీపంలోని ఓల్డ్ బకెన్‌హామ్ స్థావరానికి, 453వ బాంబర్ గ్రూపు ఆపరేషన్స్ అధికారిగా బదిలీ చేశారు. వరుస నష్టాలతో ఆ గ్రూపు మనోస్థైర్యం దెబ్బతిని ఉంది. దానిని చక్కదిద్దే బాధ్యత కొత్త కమాండరు రామ్సే పాట్స్‌కు, స్టూవర్ట్‌కు అప్పగించారు. కార్యాలయంలో కూర్చొని పనిచేసే వీలున్న ఈ పదవిలో కూడా స్టూవర్ట్ పలుమార్లు నాయక విమానంలో దాడులకు వెళ్ళాడు. తరువాతి కాలంలో హాస్యనటుడిగా పేరుపొందిన వాల్టర్ మాథౌ ఇదే గ్రూపులో పనిచేశాడు. దాడులకు ముందు స్టూవర్ట్ ఇచ్చే వివరణలు వినడానికి తాము ఆసక్తిగా వెళ్ళేవారమని ఆయన అనంతరం చెప్పుకొన్నాడు.

1944 జూన్ 3న, నార్మండీ దండయాత్రకు మూడు రోజుల ముందు, స్టూవర్ట్ లెఫ్టినెంట్ కల్నల్ అయ్యాడు. జూలైలో రెండవ కంబాట్ వింగ్ కార్యాలయానికి మారి బ్రిగేడియర్ జనరల్ ఎడ్వర్డ్ టింబర్‌లేక్ క్రింద ముఖ్య సహాయకుడిగా పనిచేశాడు. ఇక్కడినుండి యుద్ధరంగానికి వెళ్ళే అవసరం తగ్గింది. కానీ తన పాత గ్రూపు కష్టాలు తీరలేదు. 1944 సెప్టెంబరు 27న కాసెల్ మీద దాడిలో 445వ గ్రూపుకు చెందిన 35 విమానాలు ప్రధాన దళం నుండి విడిపోగా, 25 విమానాలు జర్మనీ గడ్డమీదనే కూలిపోయాయి. ఒకే దాడిలో ఒక అమెరికన్ గ్రూపుకు కలిగిన అతి పెద్ద నష్టాలలో ఇది ఒకటి. మొత్తం మీద, ఇంగ్లాండు నుండి పోరాడిన అమెరికా ఎనిమిదవ వైమానిక దళంలో 26,000 మందికి పైగా మరణించారు.

1945 మార్చి 29న ఇతడికి కల్నల్ హోదా లభించింది. మే 10 నుండి జూన్ 15 వరకు రెండవ వింగ్‌కు కమాండరుగా వ్యవహరించాడు.

జ్యూరిక్ విచారణ

1945 మార్చి 4న మబ్బుల కారణంగా దారి తప్పిన కొన్ని అమెరికన్ విమానాలు జర్మనీ నగరంగా భ్రమపడి, తటస్థ దేశమైన స్విట్జర్లాండులోని జ్యూరిక్ మీద బాంబులు వేశాయి. పౌరులు మరణించారు. స్విట్జర్లాండు తీవ్రంగా నిరసన తెలిపింది. బాధ్యులైన అధికారులిద్దరిని 1945 జూన్‌లో ఇంగ్లాండులో సైనిక న్యాయస్థానం విచారించింది. ఆ న్యాయస్థానానికి అధ్యక్షత వహించినవాడు స్టూవర్ట్. వాతావరణం, పరికరాల లోపం కారణంగా పొరపాటు జరిగిందని భావించిన న్యాయస్థానం వారిని నిర్దోషులుగా విడుదల చేసింది.

ఈ ఘటన బాంబు దాడుల స్వభావాన్ని తెలియజేస్తుంది. కర్మాగారాలను మాత్రమే గురిచూసి కొడతామన్నది అమెరికా వైమానిక దళం ప్రకటించుకొన్న విధానం. కానీ ఐరోపా శీతాకాలపు మబ్బుల మీదుగా రాడార్ సహాయంతో వదిలిన బాంబులు తరచు మైళ్ళ దూరంలో, నివాస ప్రాంతాలలో పడేవి. స్టూవర్ట్ నడిపించిన దాడులు కూడా ఇందుకు మినహాయింపు కాదు.

పతకాలు

యుద్ధ సేవకు గాను స్టూవర్ట్‌కు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ రెండుసార్లు, ఎయిర్ మెడల్ నాలుగుసార్లు లభించాయి. ఫ్రాన్సు ప్రభుత్వం క్వా ద గెర్ పతకం ఇచ్చింది. పదవీ విరమణ సందర్భంగా 1968లో వైమానిక దళపు డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్ పొందాడు.

తిరిగి సినిమాలలోకి

1945 వేసవి చివరలో స్టూవర్ట్ క్వీన్ ఎలిజబెత్ నౌకలో, వేలాది సైనికులతో కలిసి స్వదేశం చేరాడు. "లైఫ్" పత్రిక 1945 సెప్టెంబరు సంచికలో ఇతడి చిత్రాన్ని ముఖచిత్రంగా ప్రచురించింది. వెళ్ళినప్పటి కుర్రతనం ఆ ముఖంలో లేదు; జుట్టు నెరిసింది. యుద్ధంలో అనుభవించిన ఒత్తిడి ఇతడి ఆరోగ్యాన్ని, నిద్రను, చివరకు నటనను కూడా ప్రభావితం చేసిందని రాబర్ట్ మాట్జెన్ 2016లో ప్రచురించిన "మిషన్" అనే గ్రంథంలో వివరించాడు.

తన యుద్ధ సేవను సినిమాల ప్రచారానికి వాడరాదని ఇతడు నిర్మాతలకు షరతు పెట్టేవాడు. యుద్ధం తరువాత నటించిన మొదటి చిత్రం "ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్" (1946). దర్శకుడు ఫ్రాంక్ కాప్రా కూడా అప్పుడే సైన్యం నుండి తిరిగి వచ్చినవాడు. ఈ చిత్రంలో కథానాయకుడు చెవి లోపం వలన యుద్ధానికి వెళ్ళలేక ఊరిలో ఉండిపోతాడు. అతడి తమ్ముడు పైలట్‌గా వెళ్ళి వీరుడై తిరిగి వస్తాడు. విడుదలైనప్పుడు ఈ చిత్రానికి పెట్టుబడి తిరిగి రాలేదు. అనంతర కాలంలో టెలివిజన్ ద్వారా ఇది అమెరికాలో క్రిస్మస్ చిత్రంగా స్థిరపడింది.

స్టూవర్ట్ యుద్ధ చిత్రాలలో చాలా అరుదుగా నటించాడు. రెండవ ప్రపంచ యుద్ధ నేపథ్యంలో వచ్చిన "ది మౌంటెన్ రోడ్" (1960) వాటిలో ఒకటి. వైమానిక దళం ఇతివృత్తంగా గల "స్ట్రాటజిక్ ఎయిర్ కమాండ్" (1955) శాంతికాలపు కథ. అందులో ఇతడు రిజర్వు దళం నుండి తిరిగి పిలుపు అందుకొన్న బేస్‌బాల్ ఆటగాడి పాత్ర ధరించాడు.

సాటి నటులు

స్టూవర్ట్ మిత్రుడు హెన్రీ ఫోండా నౌకాదళంలో చేరి పసిఫిక్ సముద్రంలో పనిచేశాడు. క్లార్క్ గేబుల్ భార్య, నటి కరోల్ లొంబార్డ్ 1942 జనవరిలో యుద్ధ బాండ్ల అమ్మకానికి వెళ్ళి తిరిగి వస్తూ విమాన ప్రమాదంలో మరణించింది. ఆ సంవత్సరం ఆగస్టులో గేబుల్ 41 ఏళ్ళ వయసులో వైమానిక దళంలో చేరి, ఇంగ్లాండు నుండి ఐదు దాడులలో పాల్గొన్నాడు. టైరోన్ పవర్ మెరైన్ దళంలో రవాణా విమానాల పైలట్‌గా పనిచేశాడు. మరోవైపు, తెరమీద ఎన్నో యుద్ధ వీరుల పాత్రలు ధరించిన జాన్ వేన్ కుటుంబ కారణాలతో మినహాయింపు పొంది సైన్యంలో చేరలేదు. దీనిపై ఆయన జీవితాంతం విమర్శలు ఎదుర్కొన్నాడు.

బ్రిగేడియర్ జనరల్ వివాదం

స్టూవర్ట్ యుద్ధానంతరం రిజర్వు దళంలో కొనసాగాడు. 1957లో ఇతడి పేరును బ్రిగేడియర్ జనరల్ హోదాకు ప్రతిపాదించగా, మెయిన్ రాష్ట్ర సెనేటర్ మార్గరెట్ ఛేజ్ స్మిత్ తీవ్రంగా వ్యతిరేకించింది. ఆమె స్వయంగా వైమానిక రిజర్వులో అధికారిణి. యుద్ధం ముగిసిన తరువాత స్టూవర్ట్ పొందిన శిక్షణ బహుస్వల్పమని, అత్యవసర సమయంలో ఇతడికి కేటాయించిన కీలకమైన పదవికి అది చాలదని ఆమె వాదన. ఆ ఆగస్టులో సెనేట్ కమిటీ ప్రతిపాదనను తిరస్కరించింది.

ఈ వివాదాన్ని నటుడిపై అసూయగా కొట్టివేయడం సరికాదు. 1944లో చేసిన సేవ ఒక విషయం. 1957 నాటి జెట్ బాంబర్ల దళాన్ని నడపగల సామర్థ్యం మరొక విషయం. వైమానిక దళం చివరకు స్టూవర్ట్ కేటాయింపును సమాచార విభాగానికి మార్చింది. దీనితో సెనేటర్ స్మిత్ అభ్యంతరం తొలగి, 1959 జూలై 23న పదోన్నతి ఖాయమయింది.

వియత్నాం యుద్ధం

1966 ఫిబ్రవరి 20న, తన 57వ ఏట, స్టూవర్ట్ గువామ్ ద్వీపం నుండి బయలుదేరిన బి-52 బాంబర్‌లో పరిశీలకుడిగా వియత్నాం మీద దాడికి వెళ్ళాడు. దీనికి ప్రచారం ఇవ్వలేదు. 1968 మే 31న, 27 సంవత్సరాల సేవ అనంతరం, వయోపరిమితి కారణంగా పదవీ విరమణ చేశాడు. మరుసటి సంవత్సరం జూన్‌లో, భార్య గ్లోరియాకు మొదటి వివాహం వలన కలిగిన కుమారుడు, స్టూవర్ట్ తన బిడ్డగా పెంచిన యువకుడు, మెరైన్ దళంలో లెఫ్టినెంటుగా వియత్నాంలో పోరాడుతూ మరణించాడు.

ఇతర విశేషాలు

బ్రిటిష్ టెలివిజన్ 1973-74లో ప్రసారం చేసిన "ది వరల్డ్ ఎట్ వార్" డాక్యుమెంటరీలో స్టూవర్ట్ బాంబు దాడుల గురించి మాట్లాడాడు. తెరమీద ఇతడి పేరు క్రింద నటుడు అని లేదు, స్క్వాడ్రన్ కమాండర్ అని మాత్రమే ఉంది. 1985లో అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ ఇతడికి ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రదానం చేశాడు.

టిబెన్‌హామ్ స్థావరం యుద్ధానంతరం గ్లైడర్ క్లబ్బుకు నిలయమయింది. ఆ ప్రాంతం నుండి పోరాడి మరణించిన అమెరికన్ వైమానికుల జ్ఞాపకార్థం నార్విచ్ నగరంలో ఒక స్మారక గ్రంథాలయం ఉంది. 1994లో అగ్నిప్రమాదానికి గురైన ఈ గ్రంథాలయం 2001లో కొత్త భవనంలో తిరిగి ప్రారంభమయింది. స్టూవర్ట్ స్వస్థలమైన ఇండియానా పట్టణంలో ఇతడి పేరుతో ఒక మ్యూజియం, సమీపంలో ఒక విమానాశ్రయం ఉన్నాయి.